ఎనభై వేల దగ్గర ఆగిపోయిన మంచి ఫోన్: ద్వారకానగర్ కౌంటర్ నుంచి నథింగ్ ఫోన్ 3 కేస్ స్టడీ

2025 జులై 1న లండన్ కంపెనీ నథింగ్ తన ఫోన్ 3 ని విడుదల చేసింది. మన దేశంలో 12 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ మోడల్ 79,999 రూపాయలు. 16 జీబీ, 512 జీబీ మోడల్ 89,999. అదే ఏడాది దసరా సేల్ వచ్చేసరికి ఎక్స్ఛేంజ్, బ్యాంకు ఆఫర్లు కలిపి ఆన్‌లైన్‌లో ప్రచారం చేసిన రేటు ఇందులో సగం దాకా దిగిపోయింది. గట్టిగా మూడు నెలలు కూడా కాలేదు.

విశాఖ ద్వారకానగర్‌లో ఒక మల్టీబ్రాండ్ మొబైల్ షాపులో ఏ మోడల్ ఎంత తెప్పించాలి, ఏ రేటుకి వదలాలి అని చూసే పని నాది. ఈ ఫోన్ గురించి ఇంత వివరంగా రాయాలనిపించింది అది మంచి ఫోన్ కాబట్టే. డెమో పీస్ చేతిలోకి తీసుకుని కాసేపు వాడినవాళ్లు బాగుందనే అన్నారు. రేటు చెప్పగానే మళ్లీ కౌంటర్ మీద పెట్టేశారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఫోన్‌కి అంత ధర పెట్టడానికి కారణాలు ఉన్నాయి, నిజమైనవే. కానీ అవన్నీ కంటికి కనపడని చోట ఉన్నాయి. కంటికి కనపడే చోట పెట్టినదానికీ ధరకీ సంబంధం కుదరలేదు.

సొంత మెట్లే అడ్డం

ఈ కంపెనీ పెట్టిన కార్ల్ పెయ్ అంతకుముందు వన్‌ప్లస్ సహ వ్యవస్థాపకుడు. 2014లో వన్‌ప్లస్ వన్ మన దేశానికి వచ్చినప్పుడు 64 జీబీ ఫోన్ 21,999. ఇన్విటేషన్ ఉంటేనే కొనుక్కోవాలి. అప్పట్లో ఆ ఇన్విటేషన్ కోసం కాలేజీ కుర్రాళ్లు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. పెద్ద కంపెనీల ఫోన్‌లో ఉన్నవన్నీ సగం రేటుకి ఇస్తాం అన్నది ఆనాటి మాట. ఆయన 2020లో బయటికొచ్చి నథింగ్ మొదలుపెట్టాక కూడా జనం ఆయన దగ్గర్నుంచి ఆశించింది ఆ మాటే.

కంపెనీ కూడా ఆ ఆశకు తగ్గట్టే నడిచింది. 2022 జులైలో ఫోన్ 1 ధర 32,999 నుంచి. 2023 జులైలో ఫోన్ 2 ధర 44,999 నుంచి. అందులో 12/256 మోడల్ 49,999. ఆ తర్వాత రెండేళ్లు పెద్ద ఫోన్ రాలేదు. వచ్చాక అదే 12/256కి 79,999. అంటే ఒక్క అడుగులో ముప్పై వేలు, 60 శాతం. ఫోన్ 2 వాడుతున్నవాడు ఫోన్ 3 కి మారాలని షాపుకి వస్తే మొదట పోల్చుకునేది శాంసంగ్‌తోనో యాపిల్‌తోనో కాదు, తన పాత బిల్లుతోనే.

దీనికి తోడు ఇంకో పని జరిగింది. మే నెలలోనే కార్ల్ పెయ్ ఫోన్ 3 ధర 800 పౌండ్ల దగ్గర ఉంటుందని చెప్పేశారు. స్పెసిఫికేషన్లు బయటికి రాకముందే రేటు బయటికొచ్చింది. 800 పౌండ్లు అనగానే అందరూ అన్నిటికన్నా పెద్ద చిప్పు (ఫోన్‌ని నడిపే ప్రాసెసర్), అన్నిటికన్నా మంచి కెమెరా అని మనసులో రాసేసుకున్నారు. జూన్‌లో చిప్పు పేరు తెలిసేసరికి ఆ ఊహ అంతా ఒక్కసారిగా దిగిపోయింది. రేటు ముందు చెప్పి సరుకు తర్వాత చూపించాలంటే, సరుకు ఆ రేటు కన్నా ఒక మెట్టు పైన ఉండాలి. ఇక్కడ ఒక మెట్టు కింద ఉంది.

79,999 ఎలా వచ్చిందంటే

ఇండియాలో మరీ దోచేస్తున్నారు అని చాలామంది అన్నారు. లెక్క వేస్తే అలా తేలదు. మొబైల్ ఫోన్ మీద జీఎస్టీ 18 శాతం (2020 ఏప్రిల్ వరకు 12 ఉండేది). 79,999లోంచి ఆ పన్ను తీసేస్తే మిగిలేది 67,796. అమెరికాలో ఇదే ఫోన్ 799 డాలర్లు, అక్కడ పన్ను వేరుగా పడుతుంది. డాలర్ 85, 86 రూపాయల మధ్య ఉన్న రోజులవి. అంటే సుమారు 68 వేలు. పన్ను పక్కన పెడితే అక్కడా ఇక్కడా ఒకటే ధర.

ప్రపంచమంతటికీ ఒకే ధర అనుకుని, దాన్ని రూపాయల్లోకి మార్చి, పన్ను కలిపి అతికించారన్నమాట. కంపెనీ ఆఫీసులో చూస్తే న్యాయమైన లెక్కే. చిక్కల్లా మన మార్కెట్ అమెరికా మార్కెట్ కాకపోవడంలో ఉంది. అక్కడ ఐకూ, పోకో లాంటి బ్రాండ్లు షాపుల్లో కనపడవు. ఇక్కడ మా కౌంటర్ మీద జానెడు దూరంలో ఉంటాయి.

పక్కనున్న డబ్బాలు

కేసు మొత్తానికి కీలకం ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా చూద్దాం.

ఫోన్ 3 లో చిప్పు స్నాప్‌డ్రాగన్ 8ఎస్ జెన్ 4. మంచి చిప్పు, వేడెక్కడం తక్కువ, రోజువారీ పనికి ఏ లోటూ రాదు. కానీ ఈ చిప్పులు తయారుచేసే క్వాల్‌కామ్ కంపెనీకి ఆ ఏడాది పెద్ద చిప్పు స్నాప్‌డ్రాగన్ 8 ఎలీట్. అది పెట్టుకున్న ఐకూ 13 డిసెంబర్ 2024లోనే 54,999కి వచ్చింది. వన్‌ప్లస్ 13ఎస్ 2025 జూన్‌లో అదే 54,999కి వచ్చింది. వన్‌ప్లస్ 13 మొదటి ధర 69,999. ఇవన్నీ 12/256 మోడళ్లే. ఇంకా ఇబ్బంది ఏమిటంటే, ఫోన్ 3 విడుదలకు సరిగ్గా వారం ముందు పోకో ఎఫ్7 వచ్చింది. చిప్పు 8ఎస్ జెన్ 4, స్టోరేజీ 256, ధర 31,999.

పైవైపు చూస్తే శాంసంగ్ గెలాక్సీ ఎస్25 12/256 మొదటి ధర 80,999. ఐఫోన్ 16 మొదటి ధర 79,900, అది 128 జీబీకే. అంటే ఫోన్ 3 కి ఒక పక్క సగం రేటుకన్నా తక్కువలో అదే చిప్పు, ఇంకో పక్క అదే రేటుకి ఇంటిల్లిపాదికీ తెలిసిన పేరు. మధ్యలో నిలబడాలంటే సొంతంగా ఒక గట్టి మాట ఉండాలి.

ఒక రోజు స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన పెద్దాయన, రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కొడుకుతో వచ్చారు. కుర్రాడు నెల రోజులుగా ఈ ఫోన్ వీడియోలన్నీ చూసి సిద్ధంగా ఉన్నాడు. డెమో పీస్‌ని బోర్లా పెట్టి వెనకవైపున్న గుండ్రటి బటన్ నొక్కి చూపించాడు. పైన కుడి మూలనున్న చిన్న తెర మీద చుక్కల బాటిల్ గిర్రున తిరిగి ఆగింది.

"ఏటి బాబూ, దీనికి ఎనభై వేలా?" అన్నారు పెద్దాయన.

"అది కాదు నాన్నా, దీన్లో ఇంకా చాలా ఉన్నాయి."

ఆయన నావైపు తిరిగి, "ఇందులో చిప్పు అన్నిటికన్నా పైదేనా?" అని అడిగారు.

"మంచిదే బాబాయ్ గారూ. దీనికన్నా పైది ఇంకోటి ఉంది."

"మరి చిప్పు పైది కానప్పుడు రేటు పైదెందుకు?"

కుర్రాడి దగ్గర జవాబు ఉంది. ఏడేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు, దూరాన్ని దగ్గరగా తీసే పెరిస్కోప్ కెమెరా, నీళ్లూ దుమ్మూ లోపలికి పోకుండా ఐపీ68 రక్షణ, అన్నీ గడగడా చెప్పాడు. ఆయన ఓపిగ్గా విన్నారు కూడా. కానీ ఏడేళ్ల తర్వాత తెలిసే సంగతిని ఇప్పుడు ఎనభై వేలు పెట్టి నమ్మమనడం తేలికైన పని కాదు. ఆ రోజు ఏమీ కొనకుండానే వెళ్లారు. మన దగ్గర ఇంత ఖరీదైన ఫోన్ ఒక్కడి నిర్ణయం మీద అమ్ముడుపోదు. ఎందుకింత పెట్టావురా అని ఇంట్లో అడిగితే ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. ఐఫోన్ అయితే ఆ పేరే వాక్యం. ఐకూ అయితే, అన్నిటికన్నా పెద్ద చిప్పు యాభై అయిదు వేలకే వచ్చింది అంటే సరిపోతుంది. ఫోన్ 3 కొన్నవాడు నాలుగైదు వాక్యాలు చెప్పాలి.

ఈఎంఐ సంగతి కూడా చెప్పాలి. ఈ రేటులో కొనేవాళ్లలో ఎక్కువమంది వాయిదాల మీదే తీసుకుంటారు. 79,999ని 24 నెలలకు పంచితే నెలకు 3,333. 69,999 అయితే 2,917. పదివేల తేడా నెలకు నాలుగు వందల చిల్లరగా మారిపోతుంది. ఇది ఖరీదైన ఫోన్‌కి సాయం చేస్తుందని అందరూ అనుకుంటారు. సాయం చేసేది ఆ వరుసలో అందరికన్నా పెద్ద పేరున్న ఫోన్‌కి. ఎలాగూ మూడు వేల పైన కడుతున్నాం కదా, రీసేల్ ఉన్నది తీసుకుందాం అంటారు జనం. అదే పోకోతో పోలిస్తే నెలకు రెండు వేల తేడా, ఆ తేడాని ఏ వాయిదా లెక్కా దాచలేదు.

డిజైన్: ఏం పెట్టారు, ఏం తీశారు

నథింగ్ ఫోన్ అనగానే దూరం నుంచి గుర్తుపట్టేది వెనక వెలిగే తెల్లటి లైట్ల గీతలు. ఆ లైట్ల మీదే కంపెనీ పేరు నిలబడింది. ఫోన్ 3 లో వాటిని తీసేసి, మూలన 489 చిన్న ఎల్ఈడీల గుండ్రటి తెర పెట్టారు. దానికి గ్లిఫ్ మ్యాట్రిక్స్ అని పేరు. టైమ్ చూపిస్తుంది, బ్యాటరీ చూపిస్తుంది, వచ్చిన కాల్‌కి గుర్తు చూపిస్తుంది, చిన్న ఆటలు ఆడిస్తుంది. ఆలోచనగా నాకు నచ్చింది. పాత లైట్ల కన్నా ఎక్కువ పని చేస్తుంది కూడా.

కానీ అదే ఏడాది మార్చిలో వచ్చిన ఫోన్ 3ఏ, ధర 24,999 నుంచి, దానికి ఆ లైట్ల గీతలు అలాగే ఉన్నాయి. 29,999కి వచ్చిన 3ఏ ప్రోలో పెరిస్కోప్ కెమెరా కూడా ఉంది. పక్కనున్న ఎసెన్షియల్ కీ అనే బటన్ ఈ ఫోన్లన్నిటికీ ఒకటే. ఇంతకుముందే తెలియనివాడికి మూడు ఫోన్లూ పక్కపక్కన పెట్టి ఏది ఖరీదైనదో చెప్పమంటే వెలిగే గీతలున్నదాన్నే చూపిస్తాడు. ఇంటి పేరుగా నిలిచినదాన్ని చిన్న ఫోన్లకు వదిలేసి, పెద్ద ఫోన్‌కి కొత్త గుర్తు మొదటి నుంచి అలవాటు చెయ్యాల్సి వచ్చింది. పైగా వెనక కెమెరాలు ఒక వరుసలో లేవు. పెరిస్కోప్ లెన్సు అంచుకి జరిగి ఉంటుంది. లోపల పెరిస్కోప్ పట్టడానికి స్థలం కావాలి, దానికోసం అలా చేశారని తెలిసినవాళ్లకు తెలుస్తుంది. మామూలు కంటికి అది పక్కకి పోయినట్టు ఉంటుంది. ఆ వంకరలోనే అందం ఉందనే కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్ల అభిరుచిని గౌరవిస్తాను, కాకపోతే ఎనభై వేలు పెట్టగలిగిన కుర్రాళ్లు తక్కువ.

ఇంకో సంగతి కంపెనీ డిజైనర్లకి తెలియకపోవచ్చు గానీ మా ఊళ్లో ప్రతి షాపువాడికీ తెలుసు. ఇక్కడ కొత్త ఫోన్ పౌచ్ లేకుండా షాపు దాటదు. వెనకవైపే ఆకర్షణ అయిన ఫోన్‌కి నల్ల పౌచ్ వేస్తే డబ్బులు పెట్టింది మూసేసుకున్నట్టే. పారదర్శకమైన పౌచ్ వేస్తే మన ఎండకి, చెమటకి కొన్నాళ్లకే పసుపు పచ్చగా మారుతుంది.

నిజంగా డబ్బు పెట్టిన చోట్లు వేరే ఉన్నాయి. ఫోన్ 2 కి ఐపీ54 మాత్రమే, దీనికి ఐపీ68. విశాఖలాంటి ఊరికి ఇది చిన్న విషయం కాదు. బీచ్‌రోడ్డు దగ్గర ఉండేవాళ్ల ఫోన్లలో చార్జింగ్ పోర్టు ఉప్పుగాలికి లోపల పచ్చగా పట్టి రిపేరుకి రావడం మాకు మామూలే. సీలింగ్ బాగున్న ఫోన్ ఇక్కడ ఎక్కువ కాలం ఆరోగ్యంగా ఉంటుంది. (ఐపీ68 పరీక్ష మంచినీళ్లలో చేస్తారు, సముద్రంలో కాదు. ఆర్కే బీచ్‌లో అలల్లో నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్లకి ఇది నేను ప్రతిసారీ చెప్తాను.) ఇండియా మోడల్‌కి 5,500 ఎంఏహెచ్ సిలికాన్ కార్బన్ బ్యాటరీ ఇచ్చారు, బయటి దేశాల మోడల్‌లో 5,150. ముందూ వెనకా కలిపి నాలుగు కెమెరాలూ 50 మెగాపిక్సెల్. అయిదేళ్ల ఆండ్రాయిడ్ అప్‌డేట్లు, ఏడేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు. ఇవన్నీ ఖర్చుతో కూడినవే, కొన్నవాడికి రెండో ఏడు, మూడో ఏడు పనికొచ్చేవే. కౌంటర్ దగ్గర నిలబడ్డ పది నిమిషాల్లో మాత్రం ఏ ఒక్కటీ కనపడదు. ఆ పది నిమిషాల్లో కనపడేది గుండ్రటి తెర, వినపడేది చిప్పు పేరు.

ఆషాఢంలో ఫుల్ రేటు

అమ్మకాలు జులై 15న మొదలయ్యాయి. సింహాచలం గిరి ప్రదక్షిణ అయి వారం కూడా కాలేదు. ఆషాఢం ఇంకా తొమ్మిది రోజులుంది. జగదాంబ నుంచి ద్వారకానగర్ దాకా బట్టల షాపులన్నిటి మీద ఆషాఢం తగ్గింపు బోర్డులు. పెద్ద వస్తువు కొనాలంటే శ్రావణం రానీ అని ఇంట్లో పెద్దవాళ్లు ఆపే రోజులు. అలాంటప్పుడు ఎనభై వేల బోర్డు పెట్టాం.

విడుదల రోజునే కంపెనీ ఇంకో లెక్క కూడా చెప్పింది. ఆఫర్లన్నీ కలుపుకుంటే 12/256 మోడల్ 62,999కి పడుతుందని. నాకు అన్నిటికన్నా అర్థం కానిది ఇదే. 63 వేలకు ఇవ్వగలిగినప్పుడు, జనం ఆ రేటుకి కొంటారని కంపెనీకే తెలిసినప్పుడు, బోర్డు మీద 79,999 ఎందుకు? మా వ్యాపారంలో దీనికి జవాబు అందరికీ తెలుసు. పైన పెద్ద అంకె ఉంటే తగ్గించుకుంటూ రావడానికి చోటు ఉంటుంది, పండగ సేల్‌లో ఇంత తగ్గింది అని పెద్ద అక్షరాలతో వెయ్యొచ్చు. ఈ పద్ధతి టీవీలకీ, వాషింగ్ మెషీన్లకీ నడుస్తుంది, ఎందుకంటే వాటి మొదటి రేటు ఎవరికీ గుర్తుండదు. ఫోన్‌కి నడవదు. విడుదల రోజు రేటుని లక్షలమంది చూస్తారు, సమీక్షలన్నీ ఆ రేటు మీదే రాస్తారు. 79,999 దగ్గర చిప్పు చాలదు అని రాసిన సమీక్ష, రేటు దిగాక కూడా అలాగే ఉండిపోతుంది.

దసరాకి రేటు దిగినప్పుడు కొత్తగా కొన్నవాళ్లు సంతోషపడ్డారు. ఆ సమయంలోనే సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గి ఏసీలు, పెద్ద టీవీలు 28 నుంచి 18 శాతానికి వచ్చాయి. ఫోన్లకు కూడా పన్ను తగ్గిందేమో అనుకుని అడిగినవాళ్లు చాలామంది. ఫోన్లకు ముందూ పద్దెనిమిదే, తర్వాతా పద్దెనిమిదే. తగ్గింది కంపెనీ రేటు. జులైలో కొన్నవాడికి ఆ సంగతి అర్థమయ్యాకే అసలు బాధ మొదలైంది. మొదటి వారంలో కొనేవాడు మామూలు కస్టమర్ కాదు. కంపెనీని నమ్మి, ఇంట్లో వాదించి, స్నేహితులకు చూపించి, వాళ్లని షాపుకి తీసుకొచ్చేవాడు. వాడి నమ్మకాన్ని మూడు నెలల్లో ఇలా దెబ్బ కొట్టకూడదు. ఇది నేను వ్యాపారపు మాటగానే చెప్తున్నాను, మనసులో మాట కూడా ఇదే.

అదే సెప్టెంబర్‌లో యాపిల్ చేసింది

2025 సెప్టెంబర్ 9న ఐఫోన్ 17 వచ్చింది. ధర 82,900. ముందటి ఐఫోన్ 16 మొదలైనది 79,900 దగ్గర, అంటే మూడు వేలు పెంచారు. పెరిగిందని గొడవ చేసినవాళ్లు మా షాపులో దాదాపు లేరు. ఎందుకంటే 128 జీబీ మోడలే తీసేసి 256తో మొదలుపెట్టారు. ఐఫోన్ 16లో 256 కావాలంటే 89,900 పెట్టాల్సి వచ్చేది. అలా చూస్తే ఏడు వేలు తగ్గింది. దానికి తోడు ఏళ్ల తరబడి ప్రో మోడళ్లకే దాచుకున్న 120 హెర్ట్జ్ స్క్రీన్ మామూలు మోడల్‌కి ఇచ్చారు. స్క్రీన్ మీద వేలు పెట్టి జరిపితే తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. పాత ఐఫోన్ 16 రేటు 69,900కి దించారు. రేటు దిగేది కొత్త మోడల్ వచ్చిన రోజే అని అందరికీ ముందే తెలుసు కాబట్టి, ముందు కొన్నవాడికి మోసపోయిన భావన రాదు.

యాపిల్‌కున్న పేరు నథింగ్‌కి లేదు, నిజమే. కానీ ఇందులో పేరుతో పని లేని భాగం చాలా ఉంది. పెంచినదానికి ఎదురుగా కనపడేదొకటి ఇవ్వడం, స్టోరేజీతో లెక్క చెప్పడం, దించే రోజుని ముందే తెలిసేలా ఉంచడం, ఇవి ఏ కంపెనీ అయినా చెయ్యొచ్చు.

నేనైతే

ఇదే ఫోన్, ఇదే చిప్పు అయితే 12/256కి బోర్డు మీదే 59,999 పెట్టేవాడిని. ఐకూ 13, వన్‌ప్లస్ 13ఎస్ కన్నా అయిదు వేలు ఎక్కువ. ఆ అయిదు వేలకి పెరిస్కోప్, ఏడేళ్ల అప్‌డేట్లు, ఇంకెక్కడా దొరకని వెనకవైపు అని చెప్పుకోవచ్చు, ఇంట్లో చెప్పడానికి వాక్యం దొరుకుతుంది. ఫోన్ 2 రేటు నుంచి పదివేలు పెంచినట్టవుతుంది, అది రెండేళ్ల తర్వాత ఎవరైనా ఒప్పుకునే మెట్టే. దసరాకి బ్యాంకు ఆఫర్ మీద నాలుగైదు వేలు మాత్రం తగ్గిస్తే జులైలో కొన్నవాడికి కడుపు మండదు. ఎనభై వేలే కావాలి అనుకుంటే 8 ఎలీట్ పెట్టాలి, లైట్ల గీతలను కూడా ఉంచి మ్యాట్రిక్స్ అదనంగా ఇవ్వాలి. అప్పుడు ఆ పెద్దాయన ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉండేది.

జులైలో పూర్తి రేటు పెట్టి కొన్నవాళ్లు ఇప్పటికీ షాపుకి వచ్చి, ఎక్స్ఛేంజ్‌లో పెడితే ఎంతొస్తుందని అడుగుతూ ఉంటారు. ఎక్స్ఛేంజ్ విలువ వాళ్లు కట్టిన బిల్లు చూసి వెయ్యరు, ఈ రోజు కొత్త పీస్ ఎంతకి దొరుకుతుందో చూసి వేస్తారు. అందుకని అమ్మొద్దనే చెప్తాను. ఆండ్రాయిడ్ అప్‌డేట్లు 2030 దాకా, సెక్యూరిటీ అప్‌డేట్లు 2032 దాకా వస్తాయి. ఎక్కువ పెట్టిన డబ్బు తిరిగి రాబట్టుకునే దారి ఆ ఏళ్లన్నీ వాడుకోవడం ఒక్కటే. మూడో ఏడు బ్యాటరీ దిగినట్టనిపిస్తే సర్వీస్ సెంటర్‌లో అసలు బ్యాటరీయే వేయించుకోవాలి. బయట విప్పితే ఐపీ68 సీలింగ్ పోతుంది, మన ఊరి గాలికి ఆ తర్వాత పోర్టు ఎన్నాళ్లుంటుందో చెప్పలేం.